ఎలుగుబంటి పెట్టెలో కొబ్బరినూనె

నిరుడు మే నెలలో, నందిగామ గాడ్పుకి కాకి కూడా బయటికి రాని ఒక మధ్యాహ్నం, నేను ఆవకాయకి కారం కలుపుతూండగా మా కోడలు ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. "అత్తయ్యా, మీ మనవరాలు అడవిలో పక్కలు సర్దుతోందిట" అంది.

నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు. కోడలు మాత్రం తుడుచుకుంటోంది. కారం వల్ల కాదు.

సంగతేమిటంటే, మా మనవరాలు కాలిఫోర్నియాలో హోటల్ మేనేజిమెంటు చదువుతోంది. ఆ చదువులో భాగంగా ఒక వేసవి ఎక్కడైనా పనిచేసి నేర్చుకోవాలి. చోటు దొరికిందని చెప్పినప్పుడు మేమంతా కోటు వేసుకుని బల్ల వెనకాల కూర్చుంటుందనుకున్నాం. తీరా చూస్తే ఆ హోటలు ఉన్నది యోసెమిటీ అనే నేషనల్ పార్కులో. బల్ల దగ్గరికి వెళ్ళేముందు మొదటి కొన్ని వారాలూ గదులు ఊడవాలి, దుప్పట్లు మార్చాలి, స్నానాల గదులు కడగాలి. అందరికీ ఇదే వరసట. "ఇన్ని లక్షలు పోసి పంపింది ఇందుకా? పక్కింటావిడ అడిగితే ఏం చెప్పను?" అని మా కోడలి బాధ. మా అబ్బాయి ఏమీ అనలేదు. పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పక్కలు సర్దడం తప్పుటే అమ్మాయ్? యాభై ఏళ్ళ బట్టి నేను సర్దుతూనే ఉన్నాను, జీతం బత్తెం లేకుండా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మొదటి వారం కబుర్లు ఫోనులో ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఉండటానికి గుడారం ఇచ్చారట. కింద చెక్క నేల, పైన కాన్వాసు గుడ్డ, రెండు మంచాలు. తోడుగా ఇంకో అమ్మాయి. స్నానానికి చీకట్లో నడిచి వెళ్ళాలి. మేమిక్కడ తడిబట్ట మీద వేసుకుని పడుకుంటూంటే అది రెండు స్వెట్టర్లు తొడుక్కుని పడుకునేది. మొదటి రాత్రి వానపడుతోందని లేచి కూర్చుందిట. తీరా చూస్తే వాన కాదు, జలపాతం హోరు. 739 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది ఆ నీరు. మంచు కరిగే రోజుల్లో అంత గోలా చేసి, ఆగస్టు వెళ్ళేసరికి దాదాపు ఎండిపోతుందట. మన మునేరులాగే అన్నమాట, కాలమొక్కటే తేడా.

పోతే ఎలుగుబంట్లు. గుడారం బయట ప్రతివాళ్ళకీ ఒక ఇనప పెట్టె ఉంటుందట. తినేవే కాదు, వాసన వచ్చే వస్తువేదైనా అందులోనే పెట్టి గడియ వెయ్యాలి. సబ్బు, పళ్ళ పేస్టు, మొహానికి రాసుకునే క్రీము, అన్నీ. నేను పంపిన గోంగూర పచ్చడి సీసా, కొబ్బరినూనె బుడ్డీ ఆ పెట్టెలోకే పోయాయి. రాత్రి తలకి నూనె రాసుకోవాలంటే టార్చి లైటు వేసుకుని బయటికి వెళ్ళి, పెట్టె తీసి, అక్కడే నుంచుని రాసుకుని, మళ్ళీ గడియ వేసి రావాలి. ఒకప్పుడు అక్కడ చెత్తకుప్పల దగ్గర ఎలుగుబంట్లకి తిండి వేసి, దీపాలు పెట్టి, వచ్చినవాళ్ళకి తమాషాగా చూపించేవారట. 1940లలో గాని ఆ ఆట కట్టలేదు. మనిషి తిండి రుచి మరిగిన జంతువు ఊరుకుంటుందా మరి! నాకు నవ్వాగలేదు. కోడలు దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సోషలు చెప్పినదాన్ని. కొత్త ఊరి పేరు చెవిన పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోనిదే నాకు నిద్రపట్టదు. మనవరాలు సెలవు రోజున అక్కడి మ్యూజియం చూసి చెప్పింది కొంత, నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది కొంత. మొత్తానికి నెల తిరిగేసరికి ఆ అడవి నాకు మా జగ్గయ్యపేట వీధుల్లా పరిచయమైపోయింది.

యోసెమిటీ లోయని కాపాడాలని 1864లోనే లింకన్ సంతకం పెట్టాడు. ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు ఎల్లోస్టోన్, 1872లో. యోసెమిటీకి ఆ హోదా 1890లో వచ్చింది. చట్టమైతే చేశారు గాని కాపలాకి మనుషుల్ని పెట్టడం మరిచిపోయారు. అందుకని ఏటా వేసవి రాగానే గుర్రపు దళం సిపాయిలు వచ్చి కాపలా కాసి, చలికాలానికి వెళ్ళిపోయేవారు. దొంగతనంగా గొర్రెలు మేపేవాళ్ళని పట్టుకున్నా శిక్షించే అధికారం వాళ్ళకి లేదు. దానికొక ఉపాయం కనిపెట్టారు. గొర్రెల్ని పార్కుకి ఒకవైపు హద్దు దాటించేవారు, కాపరిని దానికి సరిగ్గా ఎదురువైపు హద్దు దాటించేవారు. కొండలన్నీ చుట్టి మందని వెతుక్కునేసరికి వాడికి వేసవంతా సరి! ఇంత చక్కని శిక్ష ఏ న్యాయశాస్త్రంలోనూ ఉండదు.

ఆ సిపాయిల్లో నల్లవాళ్ళ దళాలుండేవి. 1903 వేసవిలో పక్కనే ఉన్న సెక్వోయా పార్కుకి కెప్టెన్ ఛార్లెస్ యంగ్ అధికారిగా వెళ్ళాడు. 1864లో బానిస కుటుంబంలో పుట్టి, వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుంచి పట్టా పొందిన మూడో నల్లజాతీయుడాయన. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పదహారు రోజులు గుర్రాల మీద వచ్చి, ఏళ్ళ తరబడి కుంటుతున్న రోడ్డు పనిని ఆ ఒక్క వేసవిలో మహావృక్షాల తోపు దాకా లాక్కుపోయాడు. సంతోషించి అక్కడివాళ్ళు ఒక చెట్టుకి ఆయన పేరు పెడతామన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మీకు అలాగే అనిపిస్తే అప్పుడు చూద్దాం లెండి అని, ఆ చెట్టుకి బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టించాడు. ఆయన పేరుతో చెట్టు 2004లో గాని వెలియలేదు. ఇరవై అంటే నూరయింది.

ఇక మా కోడలు చెవి ఒగ్గి విన్న కథ వేరే ఉంది. 1899లో డేవిడ్ కర్రీ, జెన్నీ కర్రీ అనే బడిపంతుళ్ళ దంపతులు వేసవి సెలవుల్లో యోసెమిటీకి వచ్చి ఏడు గుడారాలు వేశారు. భోజనంతో సహా రోజుకి రెండు డాలర్లు. కాలేజీ కుర్రాళ్ళు తిండికీ వసతికీ పనిచేశారు. ఆ ఒక్క వేసవికే దాదాపు మూడు వందలమంది వచ్చారు. పంతులమ్మ గుడారాలు తర్వాత ఒక ఊరంత అయ్యాయి. అంటే మా మనవరాలు చేస్తున్న పనికి మూలపురుషుడు మేనేజరు కాదండీ, బడి సెలవులిచ్చిన పంతులమ్మ!

అప్పటి నుంచీ పార్కుల్లో వేసవి కొలువంటే కాలేజీ పిల్లలదే. ఎల్లోస్టోన్‌లో వాళ్ళకొక భాషే ఉండేదట. అంట్లు తోమేవాళ్ళు ముత్యాల కోసం మునిగేవాళ్ళు. పక్కలు సర్దే అమ్మాయిలు దిండుని గుద్దేవాళ్ళు. బట్టలుతికే అమ్మాయిలు నురగ రాణులు. ఇది చెబితే మా కోడలి పెదవి కొంచెం కదిలింది. "నురగ రాణి బాగుంది అత్తయ్యా" అంది. చాకిరీకి పేరు మారిస్తే బరువు తగ్గుతుందా అని అడగబోయి ఊరుకున్నాను. దిగులుపడ్డ మనిషి నవ్వుతుంటే వాదించకూడదు.

నాకు మాత్రం క్లేర్ మేరీ హాజెస్ పట్టుకుంది. పధ్నాలుగో ఏట, 1904లో, నాలుగు రోజులు గుర్రం మీద ప్రయాణం చేసి ఈ లోయకి వచ్చిన పిల్ల. ఆ ప్రేమ వదల్లేదు. టీచరు చదువు చదివి 1916లో లోయలోని బడికే పంతులమ్మగా వచ్చింది. 1918లో మగవాళ్ళంతా యుద్ధానికి పోతే పార్కుకి రేంజర్లు కరువయ్యారు. వాషింగ్టన్ బి. లూయిస్ అనే ఆయన అప్పుడు సూపరింటెండెంటు. ఈ అమ్మాయి వెళ్ళి, మీరు నవ్వుతారేమో గాని నాకు రేంజరు పని కావాలంది. ఆయన నవ్వలేదు సరికదా, ఆడవాళ్ళని తీసుకోవాలని నేనూ అనుకుంటున్నానే అన్నాడట. అంతే, ఆ వేసవికి రేంజరు ఉద్యోగం. మగవాళ్ళు చేసే గస్తీ పనే. రెండుగా చీలిన పరికిణీ, రేంజరు టోపీ, బ్యాడ్జి. తుపాకి పెట్టుకోమని తోటివాళ్ళు చెబితే అక్కర్లేదంది. పైన కొండల్లో టువొలమీ పచ్చికబయళ్ళ దగ్గర గేటులో వసూలైన డబ్బుని రాత్రంతా గుర్రం మీద ప్రయాణం చేసి కింద ఆఫీసుకి చేరవేసేది. ఒక్కతీ, చీకట్లో, డబ్బు మూటతో!

ఈ కథ చదువుతూ నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. కారణం చెబుతాను.

1972 వేసవి. బి.ఏ. పరీక్షలు రాసి జగ్గయ్యపేటలో ఇంట్లో ఉన్నాను. ఊళ్ళో ఒక గ్రంథాలయంలో పుస్తకాల జాబితా తిరగరాయడానికి రెండు నెలలకి మనిషి కావాలన్నారు. నెలకి అరవై రూపాయలు. నాన్నగారు సరేనన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్ల జీతం డబ్బు తినే గతి పట్టిందిట్రా మనకి?" అని రెండు పూటలు అన్నం మానేసింది. గ్రంథాలయం మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఎలుగుబంట్లు లేవు, కొండలు లేవు, చీకటి లేదు. అయినా నేను వెళ్ళలేదు. పక్క వీధి కుర్రాడెవరో ఆ పని చేశాడు. తర్వాత వెళ్ళి చూస్తే వంటల పుస్తకాన్ని వైద్యం కింద రాసి ఉంచాడు. ఒకందుకు నిజమేననుకోండి. పెళ్ళయ్యాక మావారి పుణ్యమా అని టీచరు ఉద్యోగం చేశాను గాని, ఆ అరవై రూపాయలు మాత్రం నాకు ఇప్పటికీ బాకీయే.

క్లేర్ దారి మాత్రం చివరిదాకా తెరిచి ఉందా? లేదు. యుద్ధం అయిపోయింది, మగవాళ్ళు వచ్చేశారు. యోసెమిటీలో మళ్ళీ గస్తీ తిరిగే ఆడ రేంజరు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1920లో ఎల్లోస్టోన్‌లో ఇసబెల్ బాసెట్ వాసన్ అనే భూగర్భశాస్త్రం చదివిన అమ్మాయి యాత్రికులకి రోజుకి మూడుసార్లు ఉపన్యాసాలిచ్చింది. అంతకుముందేడు అమ్మానాన్నలతో చూడ్డానికి వచ్చి, అక్కడ మాట్లాడిన తీరు నచ్చి పిలిచారు. అలా వేసవికొకరు ఇద్దరు. 1960లలో ఆడవాళ్ళకి యూనిఫారం ఇచ్చారు గాని అది విమానంలో పరిచారికలు వేసుకునే బాపతు. కొండెక్కేవాళ్ళకి స్కర్టు! మగవాళ్ళతో సమానంగా అదే చొక్కా, అదే టోపీ వేసుకునే హక్కు 1978లో వచ్చింది. క్లేర్ అరవై ఏళ్ళ కిందటే పెట్టుకున్న టోపీ అది.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని చరిత్రతో వచ్చిన చిక్కేమిటంటే, మనకి నచ్చిన పేజీ దగ్గర అది ఆగదు.

ఒకరోజు మనవరాలు మ్యూజియంలో బుట్టలు చూశానంటూ ఫొటోలు పంపింది. లూసీ టెల్లెస్ అనే ఆవిడ అల్లిన బుట్ట ఒకటి మూడడుగుల వెడల్పుంది. నాలుగేళ్ళు పట్టింది దాన్ని అల్లడానికి. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషనులో పెట్టారు. "నాయనమ్మా, ఈ లోయ వీళ్ళదేనట" అంది పిల్ల.

నిజమే. అవానీచీ అనే ఆ జనాన్ని 1851లో సైనికులు వచ్చి లోయ నుంచి తరిమేశారు. వాళ్ళు మెల్లిమెల్లిగా తిరిగి వచ్చారు. ఈలోగా హోటళ్ళు లేచాయి. ఆ మగవాళ్ళు కట్టెలు కొట్టారు, బళ్ళు తోలారు. ఆడవాళ్ళు హోటలు దుప్పట్లు ఉతికారు, గదులు ఊడ్చారు. 1950లలో ఒక నిబంధన వచ్చింది. పార్కులో పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళూ వాళ్ళ కుటుంబాలే అక్కడ ఉండాలి. ఉద్యోగం పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఖాళీ అయిన ఇల్లల్లా కూల్చేశారు. 1969 నాటికి ఆ పల్లె లేదు. ఆ జనంలో లోయలో చివరిదాకా మిగిలిన జే జాన్సన్ పార్కు ఉద్యోగి. 1996లో రిటైరై ఆయనా బయటికి వెళ్ళిపోయాడు. లూసీ టెల్లెస్ మనవడి భార్య జూలియా పార్కర్ లోయకి వచ్చిన కొత్తల్లో లాండ్రీలో బట్టలుతికింది. తర్వాత మ్యూజియంలో కూర్చుని, వచ్చినవాళ్ళకి బుట్టల అల్లిక చూపించే ఉద్యోగం చేసింది. ఆవిడ అల్లిన బుట్ట ఇంగ్లండు రాణికి కానుకగా వెళ్ళింది.

ఇది వింటున్న మా కోడలు గరిట పక్కన పెట్టి, "అయితే అత్తయ్యా, వాళ్ళ ఇంట్లో వాళ్ళు ఉండటానికి ఇంకొకళ్ళ దుప్పట్లు ఉతకాలా?" అంది.

ముప్ఫై ఏళ్ళ పాఠాల్లో ఏ పిల్లా నన్ను ఇంత సూటిగా అడగలేదు.

అమెరికా సంగతి కదా అని చెయ్యి దులుపుకుందామంటే వీల్లేదు. మన కృష్ణకి ఎగువన నల్లమల ఉంది. చెంచుల పెంటలు ఆ అడవిలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో ఎవరు చెప్పగలరు? 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు భార్య బెట్టీతో సహా అమ్రాబాదు కొండల మీద వాళ్ళ మధ్య ఉండి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి పెద్దపులుల ప్రాజెక్టులో చేరింది. వేసవిలో వెదురు ఎండి, రాలిన ఆకు గలగలలాడుతుంటే నిప్పురవ్వ చాలు. అందుకని అటవీశాఖవారు ఆకు ఊడ్చి మంటకి అడ్డుగా దారులు తీయడానికీ, మంటలు కనిపెట్టడానికీ చెంచుల్నే కూలికి పెట్టుకుంటారు. ఏ గట్టు వెనక నీటి చెలమ ఉందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? వానలు పడగానే ఆ పని అయిపోతుంది. మరోపక్క పెంటల్ని అడవి బయటికి తరలించే మాటా వినిపిస్తూనే ఉంది. కాపలా పని వాళ్ళది, అడవి మాత్రం వాళ్ళదో కాదో తేలదు.

అంత దూరం కూడా ఎందుకు? జగ్గయ్యపేటలో మా చిన్నతనాన, శివరాత్రి దాటిందంటే మిరప కోతలకి ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చేవారు. పిల్లా జెల్లా, కుండా చట్టీ అన్నీ నెత్తిన పెట్టుకుని వచ్చి చేల పక్కన తాటాకు గుడిసెలు వేసుకునేవారు. పట్టాలు తర్వాత వచ్చాయి. కల్లాల్లో కాయ ఎర్రటి తివాచీలా పరిచి ఉండేది. ఆ ఘాటుకి ఊరంతా తుమ్ములే. మధ్యాహ్నం ఆ ఆడవాళ్ళు మా పెరటి గుమ్మంలో కూర్చుంటే అమ్మ మజ్జిగ పోసేది. వేళ్ళు మంటకి మజ్జిగ మిగుల్చుకుని అందులో ముంచుకునేవారు. అది చూసి పిల్లలం నవ్వేవాళ్ళం. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి ఒకరోజు లేచేసరికి గుడిసెలు ఉండేవి కావు. పొయ్యిరాళ్ళు మాత్రం ఉండేవి.

మా ఊరి ధనం బోడు మీద బౌద్ధస్తూపం ఉందని, 1882లో బర్జెస్ దొర తవ్వించాడని, మాంధాత చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉందని ఏటా పిల్లలకి చెప్పాను. జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలని, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున పేట కట్టించాడని చెప్పాను. మజ్జిగలో వేళ్ళు ముంచుకున్న ఆ ఆడవాళ్ళది ఏ ఊరో మాత్రం నాకు తెలియదు. అడగలేదు. అమ్మా అడగలేదు. సోషలు టీచరునే!

మనవరాలితో ఈ మాట అన్నాను. మర్నాటి నుంచి అది తనతో పనిచేసేవాళ్ళ ఊళ్ళు అడిగి మరీ నాకు చెప్పడం మొదలుపెట్టింది. తోటి గుడారం అమ్మాయిది ఒక దేశం, లాండ్రీలో పెద్దావిడది ఇంకో దేశం. నేను అట్లాసు తీసి వెతుక్కునేదాన్ని. మా కోడలూ వెనకనుంచి తొంగి చూసేది.

జూలైలో పిల్లని బల్ల దగ్గరికి మార్చారు. కోటు వేసుకున్న ఫొటో పంపింది. కోడలు సంతోషించింది గాని, విచిత్రమేమిటంటే ఆ ఫొటో చూపించమని పక్కింటావిడ దగ్గరికి పరుగెత్తలేదు. ఫోనులో కూతుర్ని పట్టుకుని, "ముందది చెప్పవే, ఆ దుప్పటి మూల ఎలా మడవాలన్నావు?" అని అడిగింది. ఆ పిల్ల అక్కడ మడత వేసి చూపిస్తుంటే ఇక్కడ ఈవిడ మా పడగ్గదిలో వేసింది. నాలుగుసార్లు చెడగొట్టి, అయిదోసారికి కవరు అంచులా పదునుగా తెచ్చింది. నా నవారు మంచం మీద ఆ మడత నిలవలేదు. దివాను మీద నిలిచింది.

మొన్న పక్కింటావిడ వచ్చి దివాను మీద కూర్చోబోతూ, "దుప్పటి ఎంత కుదురుగా ఉందమ్మా! అన్నట్టు మీ అమ్మాయి పోయిన వేసవిలో అమెరికాలో ఏదో ఉద్యోగం చేసిందన్నారు, ఏమిటది?" అంది.

"పక్కలు సర్దింది పిన్నిగారూ" అంది మా కోడలు. "అదుగో, మీరు కూర్చోబోయేది దాని మడతే."

ఆవిడ ఒక్క క్షణం ఆగి, దుప్పటి నలగకుండా అంచున కూర్చుని, "జీతం ఎంతిచ్చారేమిటి?" అంది.